గనికి గాలి, కంప్యూటర్‌కు గాలి

వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో రెండు యంత్రాల మీద ఫిర్యాదులు మొదలవుతాయి. ఒకటి ఫ్రిజ్, రెండవది కంప్యూటర్. ఫ్రిజ్ సరిగా చల్లబరచడం లేదంటారు. కంప్యూటర్ పని మధ్యలో తనంతట తానే ఆరిపోతోందంటారు. ఫ్రిజ్ అయితే వెంటనే మెకానిక్‌ను పిలుస్తాం. కంప్యూటర్ విషయంలో మాత్రం "పాతదైపోయింది, కొత్తది కొనక తప్పదు" అన్న మాటే ముందు వస్తుంది. అది వేలల్లో ఖర్చు. పిల్లల ఫీజులు, ఇంటి వాయిదాలు కట్టుకుంటున్న కుటుంబానికి అది చిన్న మాట కాదు. చాలాసార్లు ఆ ఖర్చు అవసరం కూడా ఉండదు. ప్రాసెసర్ వేడెక్కిపోవడానికి కారణం ప్రాసెసర్‌లో కాక, దాని చుట్టూ గాలి సరిగా ఆడకపోవడంలో ఉంటుంది.

ఈ సంగతి కోలారు బంగారు గనుల వాళ్లకు, అందులోనూ చాంపియన్ రీఫ్స్ వాళ్లకు, కొత్తగా చెప్పనక్కర్లేదు. వేడిని లోపలి నుంచి వెలుపలికి ఎలా పంపాలి అన్న ఒక్క ప్రశ్న మీదే ఆ ఊరు వందేళ్లు బతికింది.

చాంపియన్ గని నేర్పిన పాఠం

బంగారుపేట నుంచి మారికుప్పం వెళ్లే రైలెక్కితే కోరమాండల్, ఊరిగాం దాటాక చాంపియన్ స్టేషన్ వస్తుంది. ఆ నేల కింద ఉన్న చాంపియన్ రీఫ్ గని ఒకప్పుడు ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఒకటి. సుమారు 3,200 మీటర్లు, అంటే పదివేల అడుగులు దాటిన లోతు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా ఇక్కడ తవ్వకం సాగింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి చూడండి. గనిలో మొదటి శత్రువు చీకటి కాదు, వేడి అని చెబుతారు.

భూమి లోపలికి పోయేకొద్దీ రాయి వేడిగా ఉంటుంది. చాంపియన్ గని అడుగున రాతి వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాటేది. చెయ్యి ఆనించి నిలబడలేని వేడి అది. పైనుంచి గాలి పంపితే సరిపోదా అంటే, అక్కడ ఇంకో చిక్కు. లోతుకు దిగేకొద్దీ గాలి తన బరువుకు తానే నొక్కుకుపోయి వేడెక్కుతుంది. పొడిగాలి అయితే ప్రతి 100 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. అంటే పైన చల్లగా బయలుదేరిన గాలి, పనివాడి దగ్గరికి చేరేసరికి తానే వేడిగాలి అయిపోతుంది.

దీనికి గని ఇంజనీర్లు చేసిన ఏర్పాటు గమనించదగ్గది. ఒక షాఫ్టు గుండా మంచి గాలి లోపలికి దిగుతుంది. పని జరిగే చోట్ల తిరిగి, అక్కడి వేడిని, తేమను, దుమ్మును మోసుకుని ఇంకో షాఫ్టు గుండా పైకి వచ్చేస్తుంది. పెద్ద ఫ్యాన్లు దాన్ని లాగుతుంటాయి. సొరంగాల్లో తలుపులు పెట్టి, గాలి అడ్డదారి పట్టకుండా చూస్తారు. ఒక తలుపు తెరిచి మరిచిపోతే చాలు, గాలి దగ్గరిదారిన వెనక్కు మళ్లిపోయి, అసలు పనిచోటుకు చేరదు. ఇదంతా కూడా చాలని లోతుకు చేరాక, లోపలికి పంపే గాలిని ముందే చల్లబరిచే ప్లాంట్లు కూడా పెట్టారు.

ఇందులో మనం పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. వేడిని చంపడం ఎవరికీ సాధ్యం కాదు. దాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోయగలమంతే. మోసే దారి తెగితే, ఎంత పెద్ద ఫ్యాన్ ఉన్నా లాభం లేదు. మన బల్ల మీది కంప్యూటర్‌కూ ఇదే వర్తిస్తుంది.

లోపలికి పోయిన కరెంటు ఏమవుతుంది?

1902లో శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కోలారు గనులకు కరెంటు తెచ్చారు. దేశంలో ఎన్నో పట్నాలు ఇంకా కిరసనాయిలు దీపాలతో ఉన్న రోజులవి. ఆ కరెంటు మోటార్లను తిప్పింది, రాయిని పిండి చేసింది, మనుషులను పైకి తెచ్చింది. అలాంటి యంత్రాల్లో కరెంటుకు బదులుగా కంటికి కనిపించే పని వస్తుంది.

ప్రాసెసర్ సంగతి వేరు. అది లెక్కలు చేస్తుంది కానీ ఏ బరువునూ ఎత్తదు, ఏ చక్రాన్నీ తిప్పదు. కాబట్టి దానిలోకి పోయిన కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి రావాలి. 65 వాట్ల ప్రాసెసర్ అంటే 65 వాట్ల హీటరే. లెక్కలు చేసి పెట్టే హీటరన్నమాట.

1985లో వచ్చిన 386 ప్రాసెసర్‌కు ఫ్యాన్ అవసరం ఉండేది కాదు. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్ల వేడి పుట్టించేది. దానికి లోహపు రెక్కల దిమ్మె, చిన్న ఫ్యాన్ కావలసివచ్చాయి. 2004 నాటి పెంటియం 4 ప్రెస్కాట్ రకాల్లో వేగవంతమైనవి 100 వాట్లు దాటాయి. ఈనాటి మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 65 నుంచి 125 వాట్ల మధ్య ఉంటాయి. ఖరీదైన కొన్ని రకాలు పూర్తి వేగంలో 250 వాట్ల దాకా పోతాయి.

ఇస్త్రీపెట్టె 1,000 వాట్లు తీసుకుంటుంది కదా, వంద వాట్లు ఎంత అనిపించవచ్చు. కానీ ఇస్త్రీపెట్టె అడుగు రేకు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఒక చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రెస్కాట్ చిప్పు వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అంటే ఒక చదరపు సెంటీమీటరుకు దాదాపు 90 వాట్లు. ఇస్త్రీపెట్టె కంటే పద్దెనిమిది రెట్లు ఎక్కువ వేడి, గోరంత చోటులో పుడుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు మోసుకుపోకపోతే చిప్పు కొన్ని క్షణాలు కూడా తట్టుకోలేదు.

వేడికి జమాఖర్చు

బ్యాంకులో పనిచేసేవాడిని కనుక నాకు ఇది జమాఖర్చు లెక్కలాగే కనిపిస్తుంది. ప్రాసెసర్ పుట్టించే వేడి జమ. గాలి మోసుకుపోయే వేడి ఖర్చు. ఉష్ణోగ్రత అనేది చేతిలో మిగిలిన నిల్వ. జమ, ఖర్చు సమానమైన చోట నిల్వ నిలబడుతుంది. నిల్వ పెరిగిపోతోందంటే రెండే కారణాలు: జమ ఎక్కువైంది, లేదా ఖర్చు తగ్గింది. రెండింటిలో ఏది అన్నది తేల్చకుండా కొత్త యంత్రం కొనడం, పద్దు సరిపోలేదని కొత్త లెడ్జరు కొన్నట్టుంటుంది.

వేడి వెలుపలికి పోయే దారిలో ఆరు మజిలీలున్నాయి. మొదటిది చిప్పు. రెండవది దాని మీద పూసే థర్మల్ పేస్టు. మూడవది హీట్‌సింక్, అంటే అల్యూమినియంతోనో రాగితోనో చేసిన రెక్కల దిమ్మె. నాలుగవది దాని మీది ఫ్యాన్. ఐదవది క్యాబినెట్‌లోంచి వేడిగాలి వెళ్లిపోయే దారి. ఆరవది మన గది. ఈ ఆరింటిలో ఏ ఒక్కటి తెగినా ఫలితం ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఎక్కడ తెగిందో కనిపెట్టడానికి ఒక పద్ధతి కావాలి.

ముందుగా గుర్తులు

ప్రాసెసర్ వేడెక్కుతోందనడానికి కొన్ని గుర్తులున్నాయి. ఫ్యాన్ మోత ఒక్కసారిగా పెరిగి తగ్గకపోవడం మొదటిది. ఆన్ చేసిన పావుగంటకు అన్నీ నెమ్మదించడం రెండవది. పెద్ద పని పెట్టినప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు, ఎలాంటి సూచనా లేకుండా టప్పున ఆరిపోవడం మూడవది. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే కొద్దిసేపటికే మళ్లీ ఆరిపోవడం, గంటసేపు వదిలేస్తే బాగా పనిచేయడం నాలుగవది.

నెమ్మదించడం, ఆరిపోవడం రోగాలు కావు. అవి ప్రాసెసర్ తనను తాను కాపాడుకునే మార్గాలు. ఒక హద్దు దాటగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్ని త్రాట్లింగ్ అంటారు. అయినా వేడి తగ్గకపోతే యంత్రం మొత్తాన్ని ఆర్పేస్తుంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సంస్థ ఒక ప్రయోగం చేసి చూపింది. యంత్రం నడుస్తుండగా హీట్‌సింక్ తీసేస్తే పెంటియం 4 నెమ్మదించి బతికిపోయింది. ఆనాటి అథ్లాన్ ప్రాసెసర్ మాత్రం క్షణాల్లో కాలిపోయింది. తరువాత వచ్చిన ప్రాసెసర్లన్నింటిలోనూ ఈ రక్షణ ఉంటోంది. కొందరు కుర్రాళ్లు ఈ రక్షణ అడ్డు వస్తోందని బయోస్‌లో హద్దు మార్చేస్తుంటారు. అది ఫ్యూజు కాలిపోతోందని దాని స్థానంలో మేకు పెట్టడం లాంటిది. చేయవద్దు.

కొలవకుండా నిర్ణయించవద్దు

జ్వరం చెయ్యి పెట్టి చూసేవాళ్లం గానీ, మందు ఇచ్చే ముందు డాక్టరు థర్మామీటరు పెడతారు. ప్రాసెసర్‌లోనే థర్మామీటరు ఉంది. దాన్ని చదవడానికి కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి లేకపోయినా, ఆన్ చేస్తున్నప్పుడు బయోస్ తెరలోకి వెళితే ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం కనిపిస్తాయి.

ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, గట్టిగా పనిచేస్తున్నప్పుడు 60 నుంచి 85 డిగ్రీలు మామూలే. చాలా ప్రాసెసర్లకు హద్దు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. 90 దాటి అక్కడే నిలిచిందంటే పట్టించుకోవాలి. గది వేడి కూడా పక్కనే రాసుకోండి. ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడలేదు. జనవరి ఉదయం 22 డిగ్రీల గదిలో 70 చూపించిన యంత్రం, ఏప్రిల్ మధ్యాహ్నం 36 డిగ్రీల గదిలో ఏ తప్పూ లేకుండానే 84 చూపిస్తుంది. తేడా రెండుచోట్లా 48 డిగ్రీలే. కాబట్టి చూడవలసింది మొత్తం అంకెను కాదు, గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను.

ఇప్పుడు అసలు కిటుకు. ఏదైనా బరువైన పని పెట్టి, వేడి ఎంత త్వరగా పెరుగుతుందో గడియారం పెట్టుకుని చూడండి.

కొన్ని సెకండ్లలోనే 50 నుంచి 95కి ఎగబాకితే, చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య సంబంధం తెగింది. హీట్‌సింక్ వదులైంది, లేదా పేస్టు ఎండిపోయింది.

పది, పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కితే, గాలి దారి మూసుకుపోయింది. దుమ్ము, ఆగిన ఫ్యాన్, ఇరుకైన చోటు, వీటిలో ఏదో ఒకటి.

ఏ పనీ పెట్టకుండానే ఎక్కువ చూపిస్తుంటే, జమ వైపు చూడండి. టాస్క్ మేనేజరు తెరిచి ప్రాసెసర్‌ను ఏ ప్రోగ్రాము తినేస్తోందో గమనించండి. ఊరూపేరూ తెలియని చోటు నుంచి దింపుకున్న సాఫ్ట్‌వేర్‌తో పాటు, క్రిప్టో నాణేల కోసం మన యంత్రంతో దొంగచాటుగా లెక్కలు చేయించే ప్రోగ్రాములు వస్తుంటాయి. దాన్ని కూడా మైనింగ్ అనే అంటారు. మన గనుల ఊరి పేరు చెడగొట్టే మైనింగ్ అది!

ఉష్ణోగ్రత అరవై దగ్గరే ఉండగా యంత్రం ఆరిపోతుంటే, దోషం ప్రాసెసర్‌ది కాదు. పవర్ సప్లై, ప్లగ్గు, యూపీఎస్ బ్యాటరీ వైపు చూడాలి.

మధ్యాహ్నపు జబ్బు

మా బంధువుల ఇంట ఒక డిగ్రీ విద్యార్థిని కంప్యూటర్‌కు ఈ పరీక్ష చేసిన సంగతి చెబుతాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, ప్రాజెక్టు రిపోర్టు సగంలో ఉంది. దుకాణంవారు చూసి మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాలన్నారట. వాళ్ల నాన్న నెల జీతంలో సగానికి పైగా అంచనా రాసిచ్చారు. ఆయన డబ్బు కోసం నగ తీసుకుని బ్యాంకుకు బయలుదేరే ఆలోచనలో ఉన్నారు.

"పొద్దున బాగుంటుంది మామా. మధ్యాహ్నం రెండైతే చాలు, టప్‌మని ఆరిపోతుంది. మళ్లీ రాత్రికి బాగుంటుంది" అంది ఆ పిల్ల.

సగం జవాబు ఆ మాటలోనే ఉంది. చిప్పు పాడైతే దానికి పొద్దున, మధ్యాహ్నం అన్న తేడా ఉండదు. కొలిస్తే ఉదయం పది నిమిషాలకు 83, మధ్యాహ్నం అదే పనికి 97. మెల్లగా ఎక్కుతోంది. అంటే గాలి దారి. పక్కరేకు తీసి చూస్తే ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. కానీ ఫ్యాన్‌కూ రెక్కలకూ మధ్య దుమ్ము, కంబళి ముక్కలా గట్టిగా పేరుకుని ఉంది. ఫ్యాన్ విప్పితే ఆ పొర ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. పెయింటు బ్రష్షుతో రెక్కలు శుభ్రం చేసి, పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టి, బల్ల కింది పెట్టెలోంచి క్యాబినెట్‌ను బయటికి తీశాం. మరునాటి మధ్యాహ్నం అదే పనికి 74. ఖర్చయింది పేస్టు ట్యూబుకు. నగ బీరువాలోనే ఉంది.

దుకాణంవారు మోసం చేశారని నేను అనను. వాళ్లకు భాగాలు మార్చడం అలవాటు, ఓపికగా కొలిచే తీరిక తక్కువ. ఆ తీరిక ఇంట్లోవాళ్లకే ఉండాలి.

సైనైడ్ దిబ్బల దుమ్ము

దుమ్ము అన్ని ఊళ్లలోనూ ఉంటుంది. కానీ కోలారు గనుల దుమ్ముకు ఒక చరిత్ర ఉంది. వందేళ్లకు పైగా రాయిని పిండిగా దంచి, సైనైడ్ ద్రావణంతో బంగారం తీసి, మిగిలిన పిండిని గుట్టలుగా పోశారు. మూడు కోట్ల టన్నులకు పైబడిన ఆ గుట్టల్నే జనం సైనైడ్ దిబ్బలంటారు. ఆషాఢం గాలి లేచిందంటే ఆ పిండి ఊరి మీదికి వస్తుంది. కిటికీ అంచుల మీద, వంటింటి గిన్నెల మీద పలచని పొరలా పడుతుంది. రోజంతా ఫ్యాన్‌తో గాలి పీల్చే కంప్యూటర్‌లోకి పోకుండా ఉంటుందా?

ఈ పిండిలో ఎక్కువ భాగం రాతి పొడి, అందులో స్ఫటికం ఉంది. స్ఫటికం అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసినది. చమత్కారం ఏమిటంటే, ప్రాసెసర్ చిప్పు తయారయ్యేది కూడా సిలికాన్‌తోనే, దాని కాళ్లకు పూసేది బంగారమే. గనిలో కలిసి పుట్టిన రెండూ కంప్యూటర్‌లో మళ్లీ కలుస్తున్నాయి. కానీ మెత్తని స్ఫటికపు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే నయంకాని సిలికోసిస్ వస్తుంది. మన గని కార్మికులు ఎందరో ఆ జబ్బుతో దగ్గుతూ వెళ్లిపోయారు. అందుకే యంత్రం కంటే ముందు మనిషిని కాపాడుకోవాలి.

కంప్యూటర్ శుభ్రం చేయడాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు. మిద్దె మీదికో, వాకిట్లోకో తీసుకెళ్లండి. ముక్కుకు, నోటికి బిగుతైన మాస్కు కట్టుకోండి. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. చిన్నపిల్లల్ని, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను దగ్గరికి రానివ్వవద్దు. నోటితో ఊదడం అసలే కూడదు. ఎగిరిన దుమ్ము ముందు వచ్చేది మన ముఖం మీదికే, పైగా ఉమ్మి తుంపర్లు బోర్డు మీద పడతాయి.

విప్పే పద్ధతి

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, ఆ తరువాత పవర్ బటన్ ఒకసారి కొన్ని సెకండ్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప రేకును చేత్తో తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. ఉన్ని బట్టలు, సిల్కు బట్టలు వేసుకుని ఈ పని చేయకండి.

మెత్తని పెయింటు బ్రష్షుతో రెక్కల మధ్య దుమ్మును పైనుంచి కిందికి దులపండి. బ్లోయర్ వాడితే దూరం నుంచి, కొద్దికొద్దిగా కొట్టండి. అప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఉంచాలి. లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ఇళ్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకు తాకించవద్దు, స్థిర విద్యుత్తు పుడుతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

హీట్‌సింక్ నాలుగు మూలలా బిగిసి ఉందో లేదో చూడండి. నాలుగు ప్లాస్టిక్ గుబ్బలతో నొక్కి బిగించే రకంలో ఒక గుబ్బ ఊడినా దిమ్మె ఒకవైపు లేస్తుంది. కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని ఇల్లు మారినవాళ్లు ఇది తప్పక చూడాలి.

పేస్టు విషయంలో చాలామందికి అపోహ ఉంది. అది జిగురు కాదు. ఎంత నునుపుగా కనిపించే లోహమైనా దగ్గరగా చూస్తే గుంతలూ మిట్టలే. రెండు లోహాలను ఆనిస్తే ఆ గుంతల్లో గాలి మిగిలిపోతుంది. రాగి మోసే వేడిలో గాలి మోయగలిగేది పదిహేను వేలవంతు మాత్రమే. ఆ గాలిని తరిమి గుంతలు నింపడమే పేస్టు పని. కనుక పచ్చిబఠాణీ గింజంత చాలు. ఎక్కువ పూస్తే పేస్టే అడ్డుగోడ అవుతుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని బట్టతో పూర్తిగా తుడిచాకే కొత్తది పెట్టాలి. కొత్త హీట్‌సింక్ కొంటే దాని అడుగున అంటించిన పలచని ప్లాస్టిక్ కాగితాన్ని తీయడం మరవద్దు. ఎండిన పేస్టు గట్టిగా పట్టుకుని ఉంటే నేరుగా పైకి లాగకండి. కొన్ని రకాల్లో ప్రాసెసరే దాంతో పాటు ఊడి వచ్చి కాళ్లు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు యంత్రాన్ని నడిపి వెచ్చబడనిచ్చి, ఆపి, ప్లగ్గు తీసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయాలి.

వీటిలో చేతికి నమ్మకం లేని పని ఏదైనా ఉంటే, తెలిసిన మనిషితోనే చేయించండి. కానీ మీరు రాసుకున్న అంకెలు ఆయన ముందు పెట్టండి. "వేడెక్కుతోందండీ" అనడం కంటే, "గది 34, ప్రాసెసర్ 97, పదిహేను నిమిషాలు" అంటే సంభాషణ వేరుగా నడుస్తుంది.

క్యాబినెట్ ఒక చిన్న గని

1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్యాంకుల్లోకి కంప్యూటర్లు మెల్లగా అడుగుపెట్టాయి. ఆ తొలి రోజుల్లో వాటికి ప్రత్యేకంగా ఏసీ గది, అద్దాల తలుపు ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లు. ఇదేం మడి అని నవ్వుకునేవాళ్లు కూడా ఉన్నారు. వేడి, దుమ్ము రెండింటినీ గుమ్మం బయటే ఆపడం అందులోని ఉద్దేశం. ఇవాళ ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు గానీ, ఉద్దేశం మాత్రం మరవకూడదు.

క్యాబినెట్‌లో సాధారణంగా ముందునుంచి గాలి లోపలికి వస్తుంది, వెనుకనుంచి, పైనుంచి బయటికి పోతుంది. గనిలో రెండు షాఫ్టుల ఏర్పాటే ఇక్కడా ఉంది. రెండు ఫ్యాన్లూ లోపలికే ఊదేలా పెడితే వేడి ఎటు పోతుంది? ఒక చిన్న కాగితం ముక్క పట్టుకుని చూస్తే ఏది లాగుతోందో, ఏది తోస్తోందో తెలిసిపోతుంది. వెనుక కార్డుల చోట తీసేసిన రేకులుంటే తిరిగి బిగించండి. అవి గనిలో తలుపుల్లాంటివి, గాలి అడ్డదారి పట్టకుండా ఆపుతాయి.

పక్కరేకు తీసి నడిపితే ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గిందనుకోండి, క్యాబినెట్ గాలి దారి ఇరుకైందని అర్థం. ఇది పరీక్షకు మాత్రమే. అలాగే వదిలేస్తే దుమ్ము, బల్లులు, పిల్లల వేళ్లు లోపలికి పోతాయి.

గోడకు ఒక జానెడు దూరం ఉంచండి. తలుపులున్న కంప్యూటర్ టేబుల్ అరలో పెడితే వెనుక చెక్క తీసేయండి. అరలో మూసి ఉంచితే బయటికి పోయిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. నేలమీద కాకుండా ఒక పీట మీద పెడితే ఊడ్చిన దుమ్ము తక్కువగా చేరుతుంది. పడమటి కిటికీ ఎండ పడే చోటు మార్చండి. దుమ్ము పడకుండా అంచుల కుట్టుపని చేసిన గుడ్డ కప్పడం మనవాళ్లకు ఇష్టం. ఆ గుడ్డ యంత్రం ఆగి, చల్లబడిన తరువాతే కప్పాలి. మన ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయాలి. వేసవికి ముందు ఒకసారి, ఆషాఢం గాలి తగ్గాక ఒకసారి.

ఎప్పుడు కొత్తది కొనాలి?

ఇవన్నీ చేసినా తేడా తగ్గకపోతే ముందు ఫ్యాన్‌ను, తరువాత హీట్‌సింక్‌ను మార్చి చూడండి. రెండూ ప్రాసెసర్ ధరతో పోలిస్తే చవకే. ఉష్ణోగ్రత మామూలుగా ఉండి కూడా పని సాగకపోతే, అప్పుడు యంత్రం వయసు గురించి ఆలోచించవచ్చు. ఈలోగా కుటుంబం ఫోటోలు, సర్టిఫికెట్లు, పిల్లల ప్రాజెక్టులు వేరేచోట కాపీ చేసి ఉంచండి. వేడికి ప్రాసెసర్ తనను కాపాడుకుంటుంది గానీ, రాస్తుండగా టప్పున ఆరిపోతే ఫైలు చెడిపోవచ్చు.

చాంపియన్ గనిలో ఇప్పుడు ఫ్యాన్లు తిరగడం లేదు. షాఫ్టులు మూతపడ్డాయి. గని మనుషుల మనవలు, మనవరాళ్లు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వెళ్లి కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. పని మారింది, వేడి మారలేదు. గాలి లోపలికి ఎటునుంచి వస్తోంది, బయటికి ఎటు పోతోంది అని రోజూ చూసుకోవలసిన అవసరమూ మారలేదు.

ఈ ఆదివారం ఒక్క అయిదు నిమిషాలు కేటాయించండి. మీ కంప్యూటర్ నడుస్తుండగా వెనుక ఫ్యాన్ దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చని గాలి ధారగా తగులుతుంటే దారి బాగుంది. గాలి తగలకపోతే మిద్దె మీదికి తీసుకెళ్లడానికి బ్రష్షు, మాస్కు సిద్ధం చేసుకోండి.